ఆఫీసుల్లోకి ఫ్యాన్లు తిరిగి రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏసీలు 20 డిగ్రీలకు తగ్గకుండా, 28 డిగ్రీలకు మించకుండా మాత్రమే పనిచేసేలా కట్టడి చేసే ఆలోచన ఉందని కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ 2025 జూన్‌లో ప్రకటించినప్పటి నుంచి ఈ విషయం మీద రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. మన గదిలో ఏసీ ఎంతలో పెట్టుకోవాలో కూడా ప్రభుత్వమే చెప్పాలా అని కోపగించుకునేవారు కొందరైతే, రిమోట్ మీద అంకె మారితే చాలు కరెంటు కష్టాలు గట్టెక్కుతాయని నమ్మేవారు మరికొందరు. ఇళ్ల సంగతి నేను ఎత్తడం లేదు. ఇంట్లో బిల్లు కట్టేవారి చేతిలోనే రిమోట్ ఉంటుంది గనుక ఎవరి లెక్క వారికి ఉంటుంది. ఆఫీసుల్లో అలా కాదు. రిమోట్ ఒకరి చేతిలో, చలి ఇంకొకరి ఒంటి మీద, బిల్లు వేరొకరి బల్ల మీద ఉంటాయి. విజయవాడలో ఒక ప్రైవేటు కార్యాలయంలో పదిహేడేళ్లుగా అద్దె, కరెంటు బిల్లు, మరమ్మతులు, మంచినీళ్ల క్యాన్లతో సహా నిర్వహణ పనులన్నీ చూస్తున్నవాడిగా, ఈ ముగ్గురి మధ్య నలిగిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గోడకు ఏసీ బిగించిన రోజునే పైకప్పు నుంచి ఫ్యాను దించేయడం మన ఆఫీసులు చేసిన పెద్ద పొరపాటు. ఆ ఫ్యాను మళ్లీ ఎక్కితే తప్ప 24 పెట్టండి, 26 పెట్టండి అన్న మాటను ఎవరూ వినరు. నిజానికి వినలేరు కూడా.

మాది మూడంతస్తుల భవనంలో పై అంతస్తు. మూడు హాళ్లు, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీలు ఆరు, ఇరవై ఆరు మంది ఉద్యోగులు. 2012లో ఆఫీసును కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఫాల్స్ సీలింగ్ వేయించి, అప్పటిదాకా తిరుగుతున్న పద్నాలుగు సీలింగ్ ఫ్యాన్లను దింపి పాత సామాన్లవాడికి అమ్మేశాం. ఏసీలు వస్తుండగా ఫ్యాన్లు దేనికని ఆ రోజు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ రిమోట్ గొడవ మొదలైంది. ఏసీకి ఎదురుగా కూర్చునే సోదరి ఒకరు రోహిణి కార్తెలో, బయట రోళ్లు పగిలే ఎండలో, భుజాల చుట్టూ శాలువా కప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవారు. అదే హాల్లో పడమటి కిటికీ పక్కన కూర్చునే మరో ఉద్యోగి చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఇంకా తగ్గించండి అని అడిగేవారు. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలకు చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి తెచ్చి వరుసగా అన్ని బల్లల మీద పది పది నిమిషాలు పెట్టి చూశాను. రెండు ఏసీల రిమోట్ల మీదా 18 ఉంది. శాలువా కప్పుకున్న ఆమె బల్ల మీద 21.5 డిగ్రీలు, కిటికీ పక్క బల్ల మీద 29 డిగ్రీలు చూపించింది. వారిద్దరి మధ్య దూరం ఆరు గజాలకు మించదు. ఇద్దరి ఫిర్యాదూ నిజమేనని నాకు ఆ రోజు అర్థమైంది. మాకు చల్లదనం చాలకపోవడం లేదు. వచ్చిన చల్లదనం ఒక మూలనే కుప్పపడి ఉంటోంది.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దవలసి ఉంది. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు ఏసీలో కంప్రెసర్ తిరిగేది ఒకే వేగంతో. 18 అన్నా 26 అన్నా అది గదిలోంచి వేడిని తోడే వేగంలో తేడా ఉండదు. ఆ అంకె ఎక్కడ ఆగాలో మాత్రమే చెబుతుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లవలసినవారు ఒంగోలుకు టికెట్టు కొన్నంత మాత్రాన బస్సు వేగంగా పోదు. గుంటూరులో దిగకుండా ముందుకు పోతారు, అంతే. మే నెల మధ్యాహ్నం మా పెద్ద హాలు 18కి చేరడం ఎన్నటికీ జరగదు గనుక, కంప్రెసర్ ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి సాయంత్రం ఆరింటిదాకా ఊపిరి తీసుకోకుండా తిరిగేది. ఇన్వర్టర్ ఏసీలలో ఆశించిన చల్లదనం రాగానే కంప్రెసర్ వేగం తగ్గించుకుని కరెంటు మిగులుస్తుంది. దానికి 18 లక్ష్యంగా ఇస్తే వేగం తగ్గించుకునే అవకాశమే రాదు, ఎక్కువ డబ్బు పోసి ఇన్వర్టర్ కొన్నందుకు దక్కవలసిన పొదుపులో చాలా భాగం పోతుంది.

ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని, విద్యుత్ పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. కరెంటు పొదుపును తెలిపే స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా తయారు కావాలని కేంద్రం 2019 అక్టోబరు చివరలో నోటిఫికేషన్ ఇవ్వగా, అది 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి నిర్ణయమే. అయితే 24 అన్నది అక్కడ మొదలుపెట్టే అంకె మాత్రమే. కిటికీ పక్క మనిషికి చెమట పట్టినంత కాలం ఎవరో ఒకరు రిమోట్ మీద ఆరుసార్లు నొక్కి దాన్ని 18కి దించుతూనే ఉంటారు. చెమట పట్టిన మనిషిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అతని మీదికి గాలి వచ్చే ఏర్పాటు మనం చేయలేదు.

ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటి మీద గాలి ఆడితే చెమట ఆరుతుంది, ఆరే చెమట ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. ఆ గాలి వల్ల అసలు వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్టు ఒంటికి తెలుస్తుంది. మా ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. తెలంగాణలోని పొడి ఎండకు కూలర్ కూడా కొంత పనిచేస్తుంది కానీ, కృష్ణ ఒడ్డున ఉక్కపోత రోజుల్లో గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక కూలర్ వల్ల ఉపయోగం ఉండదు. అటువంటి రోజున గాలి ఆడని గదిలో 24 డిగ్రీలు కూడా ఇబ్బందిగానే ఉంటుంది, గాలి ఆడే గదిలో 27 కూడా హాయిగానే ఉంటుంది. పైగా ఏసీ ముందు కుప్పపడిన చల్లదనాన్ని హాలంతా పంచిపెట్టే పని కూడా ఫ్యానే చేస్తుంది.

కరెంటు లెక్కకు వస్తే, మా పాత ఒకటిన్నర టన్ను ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ సుమారు 1,800 వాట్లు లాగుతుంది. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారుతో ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర లాగుతాయి. అంటే ఒక్క ఏసీకి పట్టే కరెంటుతో పాత ఫ్యాన్లు ఇరవై నాలుగు, కొత్త ఫ్యాన్లు అరవై తిరుగుతాయి. ఇది తెలిసీ మనం ఏసీని 26లో పెట్టి ఫ్యాను వేయడం మానేసి, ఫ్యాను తీసేసి ఏసీని 18లో పెడుతున్నాం.

ఫాల్స్ సీలింగ్ వల్ల పైన ఫ్యాన్లు బిగించడం కుదరక, కిందటేడు పెద్ద హాల్లో ఆరు గోడ ఫ్యాన్లు బిగించి రెండు ఏసీలనూ 26లో పెట్టాం. ఆ రెండు ఏసీల లైనుకు విడిగా ఒక చిన్న మీటరు కూడా పెట్టించాను. మొదటి రెండు రోజులు కాగితాలు ఎగిరిపోతున్నాయని అందరూ విసుక్కున్నారు. 2012లో ఫ్యాన్లతో పాటే బీరువాలోకి వెళ్లిపోయిన గాజు పేపర్‌వెయిట్లు పద్దెనిమిది మళ్లీ బల్లల మీదికి వచ్చాయి. మూడో రోజుకు శాలువా కుర్చీ వెనక్కి చేరింది, వారం తిరిగేసరికి రిమోట్ కోసం నా దగ్గరికి ఎవరూ రావడం మానేశారు. అంతకుముందు రోజుకు 31, 32 యూనిట్లు తిరిగే మీటరు 21, 22 దగ్గర నిలిచింది. ఆరు ఫ్యాన్లకూ కలిపి మూడు యూనిట్ల లోపే అయింది. ఏ రెండు వారాల ఎండా ఒకేలా ఉండదు గనుక దీన్ని పరిశోధనగా చెప్పడం లేదు, మా మీటరు చెప్పిన మాటగా మాత్రమే చెబుతున్నాను. వాణిజ్య కనెక్షన్‌కు యూనిట్ ధర పది రూపాయలకు అటూ ఇటూగా పడుతున్న రోజుల్లో, ఆ ఫ్యాన్ల ఖరీదు ఏడాది లోపే తిరిగి వస్తుందని మా యాజమాన్యానికి కాగితం మీద చూపించగలిగాను.

పరిశోధన కావాలనుకునేవారికి అదీ ఉంది. వాస్తుశిల్ప పరిశోధకురాలు మాధవీ ఇంద్రగంటి, సహ పరిశోధకులు కలిసి చెన్నై, హైదరాబాద్ నగరాల్లోని 28 కార్యాలయ భవనాలలో నెలల తరబడి ఉద్యోగుల బల్లల దగ్గరికే వెళ్లి, చల్లగా ఉందా వెచ్చగా ఉందా అని వారినే అడిగి, ఆ పక్కనే గాలి వేడిని కొలిచి చూశారు. ఏసీ నడిచే గదుల్లో మనవారికి హాయిగా ఉండే వేడి 26 డిగ్రీల పైచిలుకు అని, ఏసీ లేకుండా కిటికీలు తెరిచి ఉన్నప్పుడు 28 డిగ్రీల దాకా కూడా హాయిగానే ఉంటుందని వారి అధ్యయనంలో తేలింది. అంటే 18 మన ఒళ్లు కోరిన అంకె కాదు. జపాన్ ప్రభుత్వం 2005 వేసవిలో కూల్ బిజ్ పేరుతో ఆఫీసుల్లో 28 డిగ్రీలు ఉంచి, కోటూ టై లేకుండా పనికి రమ్మని ఉద్యోగులకు చెప్పింది. మనం వారికంటే ఎండకు అలవాటుపడినవాళ్లం, నూలు బట్టలు కట్టేవాళ్లం.

ఫ్యాన్లు పెట్టినంత మాత్రాన అంతా అయిపోలేదు. మా పెద్ద హాల్లో పన్నెండు మంది ఉంటారు. కూర్చుని పనిచేసే మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఏసీల విషయంలో టన్ను అంటే బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అంటే 907 కిలోల మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడి, మన లెక్కలో 3,500 వాట్లు. ఈ లెక్కన పన్నెండు మంది మనుషులది టన్నులో మూడో వంతు మాత్రమే. కంప్యూటర్లు, దీపాలు కలిపినా ఒక టన్నుకు లోపే ఉంటుంది. మరి మూడు టన్నుల ఏసీలు రోజంతా దేనితో పోరాడుతున్నాయని ఆలోచిస్తే, తల మీది స్లాబు, పడమటి గోడకున్న అద్దాలు కనిపించాయి. సాయంత్రం ఐదు గంటలకు ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి పక్కకు జరిపి చెయ్యి పైకి పెడితే వండిన గిన్నె మీద మూత తీసినట్టు వేడి కొట్టింది.

స్లాబు ఇంటి యజమానిది, బిల్లు మాది. మన ఊళ్లలో అద్దెకున్న ఆఫీసులన్నిటికీ ఉన్న చిక్కు ఇదే. మేడ మీద తెల్ల రంగు వేయించడం వల్ల ఆయనకు వచ్చేది ఏమీ లేదు, మేము రేపు ఖాళీ చేస్తే మా ఖర్చు మాకు తిరిగి రాదు. ఏడాది పాటు అడగగా అడగగా చివరికి చెరి సగం భరించేటట్టు ఒప్పుకున్నారు. ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించిన తరువాత వేసవి సాయంత్రాలు హాలు చల్లబడడానికి పట్టే సమయం స్పష్టంగా తగ్గింది. వేసవికి ముందు మేడ మీద సున్నం కొట్టించడం మన పెద్దలు ఎరిగిన పనే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్ల కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి దీన్ని చట్టాల పరిధిలోకి తెచ్చే ప్రయత్నం చేసింది. అద్దె ఒప్పందాల్లో ఈ ఖర్చు ఎవరిదో రాసుకునే పద్ధతి కూడా వస్తే యజమానికీ అద్దెదారుకూ మధ్య ఏడాది కాలం వృథా కాదు.

పడమటి అద్దాలకు లోపల దళసరి తెరలు వేసి చూశాం. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చిన తరువాత తెర దాన్ని ఆపలేదు. వేడెక్కిన తెర హాలునే వేడి చేస్తుంది. వేడిని అద్దానికి అవతలే ఆపాలి. పాత తాలూకా కచేరీలలో, కోర్టులలో కిటికీలకు బయటివైపున వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఆ వాసన, ఆ చల్లదనం పెద్దవారికి ఇంకా గుర్తుండే ఉంటాయి. మేము నీళ్లు చల్లే పని పెట్టుకోకుండా బయట వెదురు తడికలు మాత్రం కట్టించాం. జిరాక్స్ మిషన్‌ను హాల్లోంచి నడవాలోకి మార్చాం. ఇవి చిన్న పనులే అయినా ఏసీ మీద పడే బరువులో కొంత ఇలాగే దిగుతుంది.

ఏసీ నిర్వహణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆఫీసుల్లో అందరికంటే అనాథగా మిగిలేది ఏసీ ఫిల్టరే. మాకు ఏడాది నిర్వహణ ఒప్పందం ఉంది. మూడు నెలలకు ఒకసారి మెకానిక్ వస్తాడు, కార్డు మీద సంతకం పెట్టి వెళ్తాడు. ఒకసారి నేనే స్టూలు వేసుకుని ముందు మూత తీసి జాలి బయటికి లాగితే, బూడిద రంగు కంబళి ముక్కలాగా దుమ్ము దాని మీద అల్లుకుని ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఒక్క కన్నం కనిపించలేదు. జాలి మూసుకుపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే లోపలి గొట్టాల మీద చల్లదనం అక్కడే ఉండిపోతుంది, గది చల్లబడదు, కంప్రెసర్ ఆగదు, ఎవరో ఒకరు రిమోట్ మీద ఇంకో రెండు డిగ్రీలు దించుతారు. ఇప్పుడు పదిహేను రోజులకు ఒకసారి శనివారం సాయంత్రం ఆరు ఏసీల జాలీలూ మా అటెండరే విప్పి, కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి బిగిస్తాడు. అరగంట పని. ఆ పని చేసినందుకు అతనికి నెలకు కొంత అదనంగా ఇస్తున్నాం, ఎందుకంటే అది అతని ఉద్యోగంలో రాసి ఉన్న పని కాదు.

ఆరుబయట ఉండవలసిన యూనిట్లది ఇంకో కథ. భవనం ముందు అందం చెడుతుందని అన్ని అంతస్తుల అవుట్‌డోర్ యూనిట్లనూ వెనక ఉన్న ఇరుకు సందులో ఒకదాని మీద ఒకటి బిగించారు. ఒకటి వదిలిన వేడి గాలినే రెండోది పీలుస్తుంది. కింది అంతస్తులవారి వేడంతా పైకి లేచి మా యూనిట్లనే ముంచుతుంది. బయట 41 డిగ్రీలు ఉన్న రోజున మా యూనిట్ వెనక థర్మామీటరు 48 చూపించింది. లోపలి నుంచి తోడిన వేడిని అంత వేడి గాలిలోకి నెట్టాలంటే కంప్రెసర్‌కు ఎంత శ్రమో ఆలోచించండి. వాటిలో రెండింటి వెనక పావురాలు గూళ్లు పెట్టుకోగా, పుల్లలు, ఈకలు రెక్కల్లోకి దిగిపోయాయి. గూళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగి శుభ్రం చేయించి వల కట్టించాం. నాలుగు యూనిట్లను మేడ మీద నీడపట్టుకు మార్పించాం. భవనం ప్లాను గీసే రోజునే ఏసీ బయటి యూనిట్‌కు గాలి ఆడే చోటు చూపించని భవనానికి అనుమతి ఎందుకు ఇవ్వాలో నాకు అర్థం కాదు.

గ్యాస్ విషయం కూడా చెప్పాలి. వేసవి మొదట్లో గ్యాస్ తగ్గింది సార్, నింపాలి అని మెకానిక్ చెప్పడం, మనం నింపించడం ప్రతి ఆఫీసులోనూ జరిగేదే. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు పట్టి అతికించకుండా ఏటా నింపించుకోవడం వల్ల కరెంటూ పోతుంది, పర్యావరణమూ పాడవుతుంది. మా పాత ఏసీల్లో ఉన్న ఆర్-22 వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు భూమిని వేడెక్కించేది. ఎక్కడ కారుతోందో చూపించనిదే గ్యాస్ డబ్బు ఇవ్వబోమని ఇప్పుడు ఒప్పందంలో రాయించాం.

కొత్త ఏసీ కొనేవారు లేబుల్ మీద స్టార్లు చూస్తారు గానీ కింద రాసిన యూనిట్ల అంకె దేనికి సంబంధించిందో చూడరు. అది ఏడాదికి 1,600 గంటలు నడిచే ఏసీకి వేసిన లెక్క. రోజుకు తొమ్మిది గంటల చొప్పున నెలకు ఇరవై ఐదు రోజులు, పది నెలలు నడిపే ఆఫీసులో అది 2,250 గంటలు అవుతుంది. కనుక మూడు స్టార్లకూ అయిదు స్టార్లకూ మధ్య తేడా ఇంటికంటే ఆఫీసుకే ఎక్కువ బరువు. అయినా తక్కువ ధర చెప్పినవారికే ఆర్డరు అన్న పద్ధతిలో పది సంవత్సరాల కరెంటు ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. కేంద్ర ప్రభుత్వం తన శాఖలకు 2017 సాధారణ ఆర్థిక నియమాల్లోనే కొనుగోళ్లకు కనీస స్టార్ స్థాయి ఉండాలని చెప్పింది. మండల కార్యాలయం నుంచి సచివాలయం దాకా మన రెండు రాష్ట్రాల్లోనూ టెండరు పత్రంలో ఏసీ ధర పక్కన పదేళ్ల కరెంటు ఖర్చును కూడా కలిపి పోల్చే గడి ఒకటి పెట్టాలి. దానికి కొత్త చట్టం అక్కరలేదు.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. మన దగ్గర చల్లదనం హోదాకు గుర్తుగా మారింది. పన్నెండు మంది కూర్చునే హాలులో ఎంత ఏసీ ఉందో, ఒక్కరు కూర్చునే పెద్ద అధికారి గదిలోనూ దాదాపు అంతే ఉంటుంది. సారు వచ్చేసరికి గది చల్లగా ఉండాలని అటెండర్ గంట ముందే ఆన్ చేస్తాడు. సారు బయటి పనికి వెళ్లినా ఎప్పుడు తిరిగి వస్తారో తెలియదు గనుక ఆపడానికి భయపడతాడు. ఈ భయాన్ని పోగొట్టగలిగింది ఆ కుర్చీలో కూర్చున్నవారు మాత్రమే. మా యజమాని తన గదిలో బీఎల్‌డీసీ ఫ్యాను వేయించుకుని, బయటికి వెళ్లేటప్పుడు తానే స్విచ్ తీసి వెళ్లడం మొదలుపెట్టిన తరువాతే మా ఆఫీసులో మిగతావారు నా మాటకు విలువ ఇచ్చారు. మేము పెట్టుకున్న నియమాల్లో ఇంతకంటే ఎక్కువ పనిచేసినది లేదు. మధ్యాహ్నం భోజనాల గంటలో హాళ్లలో ఏసీలు ఆపడం, డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం కిటికీలు తెరిచి పాత గాలిని బయటికి పంపడం కూడా ఆ తరువాత అలవాటైపోయాయి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుందని చెప్పగానే కిటికీ తీయడానికి అభ్యంతరం చెప్పినవారు కూడా ఒప్పుకున్నారు.

ఇదంతా ఒక్క ఆఫీసు బిల్లు కోసం రాసిన ఉత్తరం కాదు. 2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండు 250 గిగావాట్లకు చేరి అప్పటిదాకా లేని స్థాయిని తాకింది. ఎండ పెరిగిన కొద్దీ ఏసీలు పెరుగుతాయి, ఏసీలు పెరిగిన కొద్దీ బొగ్గు మండుతుంది, సందుల్లో వేడి పోగవుతుంది. ఆ సందులో ఏసీ లేని రేకుల ఇంట్లో ఉండేవారు మన యూనిట్లు వదిలిన వేడిని భరిస్తారు. మా వెనక సందుకు అవతల అటువంటి ఇళ్లు నాలుగు ఉన్నాయి. యూనిట్లు మేడ మీదికి మార్చిన తరువాత ఆ ఇళ్లలోని ముసలమ్మ ఒకామె, అయ్యా, ఇప్పుడు సాయంత్రం గుమ్మంలో కూర్చోగలుగుతున్నాను అని మా అటెండరుతో అన్నదట. కేంద్రం 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2037-38 నాటికి చల్లదనానికి వాడే విద్యుత్తును 25 నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం ఢిల్లీలో నెరవేరేది కాదు, ఇటువంటి సందుల్లోనే నెరవేరాలి.

ఆసుపత్రులను, సర్వర్ గదులను, మందులు నిలవ చేసే చోట్లను ఈ మాటల్లో కలపవద్దని మనవి. వాటి అవసరం వేరు. మిగతా ఆఫీసుల విషయంలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు మీ పత్రిక ద్వారా నేను విన్నవించుకునేది ఇది: రోడ్లు భవనాల శాఖ కొత్త కార్యాలయానికి అంచనా తయారు చేసేటప్పుడు ఏసీ ఉంది కదా అని ఫ్యాను పద్దు కొట్టివేయకూడదు. ఫాల్స్ సీలింగ్ వేసే చోట స్లాబుకు కొక్కెం, పలకకు కన్నం ముందే వదలాలి. ఇప్పటికే కట్టిన చోట గోడ ఫ్యాన్లకైనా నిధులు ఇవ్వాలి. ఏసీల లైనుకు విడి మీటరు పెట్టి, ఆ నెల ఎన్ని యూనిట్లు తిరిగిందో నోటీసు బోర్డు మీద రాయాలి. మా ఆఫీసులో ఆ అంకెను నెల మొదటి తారీఖున సుద్దముక్కతో నేనే రాస్తున్నాను. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు రెండో తారీఖు దాకా రాయకపోతే అడుగుతున్నారు.

మా మూడో హాలులో ఇంకా ఫ్యాన్లు లేవు. అక్కడ సీలింగ్ పలకలు విప్పి, పాత కొక్కేలు స్లాబులో ఉన్నాయో లేదో చూడడానికి వచ్చే ఆదివారం వడ్రంగిని, ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను.

భవదీయుడు,
ఒక కార్యాలయ నిర్వాహకుడు,
విజయవాడ